సెగ్గడ్డకు పాపం లెక్క ఎందుకు?

ముక్కు పక్కన లేచిన సెగ్గడ్డ మానకముందే తలలో, జుట్టు కుదుళ్లలో మరొకటి సలపడం మొదలుపెడుతుంది. మూడోసారికి ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు: "ఏ జన్మలో ఏం పాపం చేశాడో!" ఒంటి మీది గడ్డకు చొక్కా అడ్డం ఉంటుంది. ముఖం మీది గడ్డకు ఏ అడ్డమూ లేదు. చూసినవాళ్లందరి చూపూ అక్కడే ఆగుతుంది. ఆ మాట అందుకే అంత లోతుగా గుచ్చుకుంటుంది.

బైబిల్లో యోబుకు అరికాలి నుంచి నడినెత్తి దాకా కురుపులు లేచాయి. బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కున్నాడు. పరామర్శకు వచ్చిన ముగ్గురు మిత్రులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. నోరు విప్పాక మాత్రం, పాపం లేనిదే ఇంత బాధ రాదని వాదించారు. గ్రంథం చివర దేవుడు కోప్పడింది ఆ మిత్రుల మీదే.

ధమ్మపద వ్యాఖ్యానంలో తిస్సుడనే భిక్షువు కథ ఉంది. ఆవగింజంత పొక్కులు పెసరగింజంతై, ఉసిరికాయంతై, చివరికి మారేడుకాయంతై పగిలాయి. చీవరం ఒంటికి అంటుకుపోయింది. తోటి భిక్షువులు వదిలేశారు. బుద్ధుడు స్వయంగా నీళ్లు కాచి, బట్టలు ఉతికించి, గోరువెచ్చని నీళ్లతో అతని ఒళ్లు కడిగాడు. పూర్వజన్మలో అతడు పక్షుల కాళ్లూ రెక్కలూ విరిచిన వేటగాడన్న సంగతీ ఆ కథలో ఉంది. అయితే బుద్ధుడు అది చెప్పింది తిస్సుడు కన్నుమూశాక, భిక్షువులు అడిగితేనే. ముందు నీళ్లు కాగాయి.

సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే వ్యక్తి అడిగినప్పుడు, అదే బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం, కఫం, వాతం, రుతువుల మార్పు వంటివి ఏడు. కర్మ ఎనిమిదోది మాత్రమే. పూర్వజన్మ పాపం వ్యాధిగా పీడిస్తుందని మన పెద్దలు చెప్పే శ్లోకం కూడా శాంతి మార్గాల్లో మందునే మొదట పేర్కొంటుంది. దానం, జపం, హోమం ఆ తర్వాతే.

మందుకు తగ్గ కారణం 1880లో కంటపడింది. అబర్డీన్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ గడ్డల చీములో గుత్తులుగా ఉన్న సూక్ష్మజీవులను చూసి, తర్వాత వాటికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. ఆ జాతిలో సెగ్గడ్డలకు ముఖ్య కారణమైన రకం పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. గోటి గాటు, రేజరు గాటు, ఇంటిల్లిపాదీ తుడుచుకునే ఒకే తువ్వాలు దానికి దారి ఇస్తాయి. పుణ్యాత్ముడి ముక్కులోనూ అది ఉండవచ్చు.

కాబట్టి పాపం లెక్క పక్కన పెట్టండి. గడ్డ లేచినవారికి తువ్వాలు, రేజరు, దిండుగలీబు వేరుగా ఉంచండి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టండి. ముక్కు, పై పెదవి దగ్గరి గడ్డను నొక్కనివ్వకండి. మాటిమాటికీ వస్తుంటే షుగర్ పరీక్ష చేయించండి. జ్వరంగానీ కంటి చుట్టూ వాపుగానీ కనిపిస్తే ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.