'కుడ్ హావ్' మోపే నింద

ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో రాత్రి ఆలస్యంగా వచ్చిన మనిషికి గుమ్మంలోనే ఎదురయ్యే మాట ఒకటుంది: 'యూ కుడ్ హావ్ కాల్డ్.' ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేది అని నిలదీయడం అది. రోడ్డుకు అడ్డంగా పరుగెత్తిన పిల్లవాణ్ణి వెనక్కి లాగిన తల్లి 'యూ కుడ్ హావ్ బీన్ కిల్డ్' అంటుంది. గండం గడిచాక కూడా తగ్గని వణుకు అందులో వినిపిస్తుంది. రావలసిన స్నేహితుడు ఎంతకీ రాకపోతే 'హీ కుడ్ హావ్ మిస్డ్ ద ట్రెయిన్' అనుకుంటారు. మూడింటిలోనూ ఉన్నది 'కుడ్', 'హావ్' జంటే. పక్కన చేరిన క్రియనూ సందర్భాన్నీ బట్టి అది ఒకచోట నింద, ఒకచోట భయం, ఇంకోచోట ఊహ.

నింద దగ్గర కాస్త ఆగాలి. ఫోన్ చేయలేదన్నది జరిగిన సంగతి. చేయగలిగి ఉండేవాడన్నది జరగని సంగతి. జరగనిదాన్ని సాక్ష్యంగా పెట్టి ఒక మనిషిని తప్పుపట్టడం న్యాయమేనా? స్వేచ్ఛా సంకల్పం గురించి ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లీషు తత్త్వవేత్తలు సాగించిన వాదంలో పెద్ద భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

కేంబ్రిడ్జ్‌కు చెందిన జి.ఇ. మూర్ 1912 నాటి 'ఎథిక్స్' పుస్తకంలో దీనికొక దారి చూపాడు. పిల్లి చెట్టెక్కగలదు, కుక్క ఎక్కలేదు. ప్రస్తుతానికి రెండూ నేలమీదే కూర్చుని ఉన్నా ఆ తేడా చెరిగిపోదు. అంటే లోకంలో ప్రతిదీ ఏదో కారణానికి కట్టుబడే జరుగుతుందని ఒప్పుకున్నా, జరగనివాటిలో సాధ్యమైనవి వేరు, అసాధ్యమైనవి వేరు. 'కుడ్ హావ్' వెనుక బయటకు చెప్పని 'ఇఫ్' ఒకటి ఉండవచ్చని మూర్ సూచించాడు: ఎంచుకుని ఉంటే చేసేవాడే.

ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ ఆ 'ఇఫ్'నే పట్టుకున్నాడు. 1956లో బ్రిటిష్ అకాడమీలో చేసిన 'ఇఫ్స్ అండ్ కాన్స్' ప్రసంగంలో దాన్ని విప్పి చూపాడు. పరుగెత్తితే ఆయాసం వస్తుంది అన్నప్పుడు పరుగు కారణం, ఆయాసం ఫలితం. కావాలంటే బల్లమీద బిస్కెట్లున్నాయి అన్నప్పుడు అలా కాదు. ఎవరికీ అక్కర్లేకపోయినా అవి అక్కడే ఉంటాయి. కాబట్టి 'ఇఫ్' కనబడ్డ ప్రతిచోటా షరతు ఉందనుకోకూడదు. చాలా దగ్గరనుంచి కొట్టిన బంతి కూడా గుంతలో పడక తనమీద తనే మండిపడే గోల్ఫ్ ఆటగాణ్ణి ఆస్టిన్ ఉదాహరణగా తెచ్చాడు. ఇంకాస్త ప్రయత్నించి ఉంటే పడేదన్నది కాదు అతని బాధ. ప్రయత్నించాడు, తప్పింది. పరిస్థితులు సరిగ్గా అలాగే ఉండగా తాను వేయగలిగేవాడినే అని అతని నమ్మకం. ఏ షరతూ లేకుండా నిలిచే ఆ 'కుడ్ హావ్'ను మూర్ సూచన అందుకోలేకపోయింది.

క్రైస్తవ మతంలో ఈ తగవు ఇంకా పాతది. దేవుడు ఒకటి చేయమని ఆజ్ఞాపించాడంటే, చేసే శక్తి మనిషికి ఎంతోకొంత ఉండి తీరాలని పండితుడు ఎరాస్మస్ 1524లో లాటిన్‌లో వాదించాడు. మరుసటి ఏడాది మత సంస్కర్త మార్టిన్ లూథర్ గట్టిగా బదులిచ్చాడు. ఆజ్ఞ చేయవలసినదాన్ని చెబుతుంది, చేయగలిగినదాన్ని కాదు; వ్యాకరణం నేర్చుకునే పిల్లలకూ తెలిసిన సంగతి ఇది అన్నాడు. లూథర్ దృష్టిలో ధర్మశాస్త్రం మనిషికి అతని అశక్తతను చూపించే అద్దం. 1552 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా పుస్తకంలో ఉదయ ప్రార్థనకు చేర్చిన పాపాంగీకారం చూస్తే, చేయవలసినవి చేయలేదన్న ఒప్పుకోలులో 'ఆట్ టు హావ్' ఉంది. 'కుడ్ హావ్' ఎక్కడా లేదు.

నిత్య వ్యవహారం మాత్రం ఎరాస్మస్ వైపే మొగ్గుతుంది. 'యూ షుడ్ హావ్ హెల్ప్డ్ హర్' అన్న నిందకు 'ఐ కుడంట్ హావ్' అన్న జవాబు నిజమైతే, నింద అక్కడితో వీగిపోతుంది. తత్త్వవేత్త పి.ఎఫ్. స్ట్రాసన్ 1962లో 'ఫ్రీడమ్ అండ్ రిజెంట్‌మెంట్' వ్యాసంలో ఇలాంటి జవాబులనే పరిశీలించాడు. 'హీ హాడ్ టు డూ ఇట్' అంటే వేరే దారి లేక చేశాడని. ఆ మాట విన్నాక మన కోపం మునుపటిలా ఉండదు.

అయితే వేరే దారి లేకపోవడం ఎప్పుడూ సాకు అవుతుందా? 1969లో అమెరికన్ తత్త్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ ఒక కల్పిత సన్నివేశం అల్లాడు. జోన్స్ చేత ఒక పని చేయించి తీరాలని బ్లాక్ పట్టుబట్టాడు. జోన్స్ వెనుకాడే సూచన కనిపిస్తే అడ్డుపడి తన మాట నెగ్గించుకునే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ అవసరం రాలేదు. జోన్స్ తనంతట తానే నిర్ణయించుకుని పని పూర్తి చేశాడు. అతను మరోలా చేయగలిగేవాడు కాదు. అయినా బాధ్యత అతనిదే, ఎందుకంటే బ్లాక్ ఉన్నందువల్ల కాక తన కారణాలతోనే చేశాడు.

ఈ వాదాలన్నీ తాగుడుకు బానిసైన మనిషి ఇంట్లో ప్రాణం పోసుకుంటాయి. 'హీ కుడ్ హావ్ స్టాప్డ్' అంటుంది ఇల్లు ఒకరోజు. 'హీ కుడంట్ హెల్ప్ ఇట్' అంటుంది ఇంకోరోజు. ఎంచుకుని ఉంటే మానేసేవాడే అని మూర్ దారిలో చెప్పవచ్చు. కానీ ఎంచుకోవడమే అతని చేతిలో లేకపోతేనో అని తత్త్వవేత్త రోడరిక్ చిజమ్ 1964లో లేవనెత్తిన అభ్యంతరం వెంటనే అడ్డొస్తుంది. మొదటి మాటను పూర్తిగా వదిలేస్తే ఆ మనిషిని రోగానికే అప్పగించినట్టు. రెండోదాన్ని వదిలేస్తే అతని రోగాన్ని చూడనట్టు. అందుకే 'కుడ్ హావ్' అన్నవారు మిగతాదీ చెప్పాలి: ఏ దశలో మానగలిగేవాడు? అప్పుడతనికి ఏం తెలుసు? చికిత్స అందుబాటులో ఉందా, తోడుగా ఎవరున్నారు? ఈ వివరాలు తేలేదాకా అతనిమీద తీర్పు ఇవ్వడానికి ఎవరికీ అర్హత లేదు.