సీతవాగు

భద్రాచలమునకు ఎగువగా, గోదావరి ఎడమగట్టున, సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలమందు పర్ణశాల కలదు. ఈ ప్రాంతము పూర్వము ఖమ్మము జిల్లాలోనిది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. అచ్చట అడవిగుట్టల నుండి జారిన నీరు బండరాళ్ల నడుమ దారి చేసికొని పాఱు సన్నని యేటికే సీతవాగు అని పేరు. వానకాలమున పొంగును, వేసవిలో రాళ్లు బయటపడును. పెద్ద పటములలో వెదకినను కానరానంత చిన్నది. అయినను భద్రాద్రిరాముని సేవించిన యాత్రికునకు ఈ వాగును చూడనిదే యాత్ర ముగిసినట్లు తోచదు.

జానకీదేవి ఇచ్చట స్నానమాడినదనియు, నారచీర లారవేసిన బండపై ఆ జాడలు నిలిచినవనియు, వాగులోని పసుపు, ఎఱుపు రాళ్లను అరగదీసి ఆ తల్లి పసుపు కుంకుమలుగా ధరించినదనియు స్థలజ్ఞులు చెప్పుదురు. రాళ్లకు ఇట్టి వర్ణములు ఇనుపధాతువు వలన కలుగునని భూగర్భశాస్త్రజ్ఞు లందురు. ఈ రెండు మాటలకును వైరము లేదు. ధాతువు రంగు నిచ్చినది. ఆ రంగులో తల్లి ముత్తయిదుతనమును చూచినది జనుల హృదయము. చుట్టుపట్ల పేర్లు మఱికొన్నియు ఇట్టివే. ఖరదూషణాదులైన పదునాలుగువేల రాక్షసుల భస్మముపై వెలసినది గనుక దుమ్ముగూడెమట. జటాయువు రావణు నెదిరించిన చోటు గనుక, ఇప్పుడు ఆంధ్రప్రదేశములో నున్న ఎటపాకకు ఆ పేరట.

వాల్మీకి మహర్షి పంచవటిని గోదావరీ సమీపమున నున్నదని చెప్పెనే గాని ఈ వాగును పేర్కొనలేదు. మహారాష్ట్రమందలి నాసికములోను పంచవటి కలదు. అది నది పుట్టిన త్ర్యంబకమునకు చేరువ. ఇది 1,465 కిలోమీటర్ల నదీగమనమున తుదిభాగమునకు చెందినది. ఏది నిజమని దారి పొడవునా వాదులాడి, దర్శనవేళకు అలసిపోవు యాత్రికులు లేకపోలేదు. రాముడు నాసికములో నున్నాడని భద్రాద్రిలో నమస్కరింపక మానిన వాడెవడు?

ఇక పేరు సంగతి. సీతా శబ్దమునకు అమరకోశము నాగటిచాలని యర్థము చెప్పినది. జనకమహారాజు నేల దున్నుచుండగా చాలున లభించినది గనుక అమ్మవారికి ఆ నామము. కొండనీరు నేలను చీల్చుకొని పోయిన జాడయు ఒక చాలే గదా! పేరు పెట్టిన వారు కోశము చదివినను చదువకున్నను, పేరు మాత్రము తప్పుగా పెట్టలేదు. వాగు అను మాటకు అదుపులేక పలుకుట యనియు అర్థ మున్నది. ఇది వ్యుత్పత్తి కాదు, చమత్కారము మాత్రమే. వైయాకరణులు కోపింపకుందురు గాక.

ఆ చమత్కారమును అరణ్యకాండతో కలిపి చూడుడు. రావణుడు కొనిపోవుచుండగా సీతమ్మ చెట్లను, కొండను, గోదావరిని వేడుకొన్నది, తన్ను రావణుడు హరించినాడని రామునకు చెప్పుమని. పిమ్మట రాముడు వచ్చి అడిగెను. అచ్చటి భూతములు చెప్పుమని ప్రేరేపించినను, రావణుని క్రౌర్యమును తలచి భయపడి గోదావరి పలుకలేదు. అంతటి పుణ్యనది! నోరులేని మృగములు లేచి, ఆకాశమును చూచుచు దక్షిణదిక్కుగా నడచి దారి చూపినవి. గౌతమీ మాతను నిందించుటకు గాదు ఈ ప్రస్తావము. భయము పెద్దలకును కలుగును. పొరుగింటి ఆడుబిడ్డకు కష్టము వచ్చినపుడు ఎఱిగియు పలుకని పెద్దమనుష్యులు ఏ యూరనైనను కలరు. గోదావరి నాడు దాచిన మాటను ఈ చిన్నవాగు నేటికిని తన రాళ్లపై చూపుచున్నదని భావించిన భక్తుల భావన ఎంత ధర్మసూక్ష్మము నెఱిగినదో చూడుడు! శ్రీరామాయణము చెఱయందున్న తల్లి మహిమను చాటుచున్నదని పిళ్లై లోకాచార్యులు శ్రీవచనభూషణమున నిర్ణయించినారు. ఆ మాటకు ఇంతకన్న చిన్న వ్యాఖ్యానము దొరకదు.

కావున రంగురాయిని మూటగట్టుకొని పోవలెనని తోచినవారు ఆ పని మానవలెను. పసుపు కుంకుమలు ఇంటనే యున్నవి. ఒకరొక రాయి చొప్పున తీసినచో వచ్చువారికి చూపుటకు ఇసుక మిగులును. విస్తరాకులు, సంచులు నీట విడువరాదు. శ్రావణ భాద్రపదములలో వచ్చువారు దిగుటకు ముందు వాగు లోతును ఆ పల్లెవారి నడిగి తెలిసికొనవలెను. గుట్టలపై కురిసిన వాన, ఇచ్చట ఎండ కాయుచుండగనే వచ్చి మీదపడును.