బర్జిల్లయి నడిచిన కొంచెము దూరము



"ఈ వయస్సులో నీకు నడకెందుకమ్మా? కూర్చో, అన్నీ మేము చూసుకుంటాము" అని బిడ్డలు ముసలి తల్లితో చెప్పుట మన యిండ్లలో నిత్యము వినుచున్నాము. అది ప్రేమతో పలికిన మాటయే. అయినను మోకాళ్ల నొప్పులుగల తల్లిని మంచమునకు అంటగట్టుట ఆమెను సన్మానించుటయేనా? ఈ ప్రశ్న నన్ను కొంతకాలముగా బాధించుచున్నది.

మా సంఘములో ఒక అవ్వ కఱ్ఱ పట్టుకొని గుడికి వచ్చుచుండెను. ఆమె అవస్థ చూడలేక, "అవ్వా, ఇంక నువ్వు రావద్దులే, ప్రభురాత్రి భోజనము నేనే ఇంటికి తెస్తాను" అంటిని. ఆమె లోబడెను. కోడలు నీళ్లచెంబు సహితము చేతికందించుచు వచ్చెను. ఏడాది తిరుగకముందే అవ్వ గడప దాటలేనిదాయెను. ఒకనాడు ఆమె, "అయ్యగారూ, కాళ్లు నొప్పి పెట్టినా వస్తుండేదాన్ని. నన్ను ఆపింది నొప్పి కాదు, మీ జాలి" అనెను. నేనేమియు బదులు చెప్పలేకపోతిని.

వైద్యులు చెప్పునది వినుడి. మోకాలి యెముకల చివరనున్న మెత్తని పొరకు రక్తనాళములు లేవు. కీలులోని జిగురు ద్రవమే దానికి ఆహారము. కాలు కదలినప్పుడే అది బాగుగా లోనికి ఇంకును. కదలని కాలిలో తొడకండలు క్షీణించును. అవి క్షీణించినకొలది కీలుమీద భారము పెరుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో 65 ఏండ్లు దాటినవారికి సహితము వారమునకు 150 నిమిషములైన చురుకైన నడకవంటి శ్రమ మంచిదనియు, అంత చేయలేనివారు తమ శక్తికొలది చేయవలెననియు చెప్పెను.

అయితే నాట్లు వేసి, కలుపు తీసి, గంపలు మోసి అరిగిన మోకాళ్లతో ఇంకను కూలికి పోవు వృద్ధులును మనలో ఉన్నారు. వారికి "కదలుడి" అని బోధించుట ఎగతాళియగును. బరువు మోయుచు వంగి చేయు చాకిరి వేరు, కొలతగల నడక వేరు. బిడ్డలారా, వారి తలమీది గంప దించుడి. వారి కాళ్లకింది బాట తీసివేయకుడి.

సమూయేలు రెండవ గ్రంథము 19వ అధ్యాయములో 80 ఏండ్ల బర్జిల్లయిని చూడుడి. అతడు రోగెలీమునుండి దిగివచ్చి దావీదు రాజును యొర్దాను దాటించెను. రాజు యెరూషలేమునకు రమ్మనగా, తన శక్తి యెంతో యెరిగినవాడై, కొంచెము దూరమే వచ్చెదనని చెప్పి, తనకు బదులు కింహామును పంపి, తన యింటికి తిరిగిపోయెను. ముసలితనమను సాకుతో ఇంట కూర్చుండలేదు. పంతముతో శక్తికి మించి పోలేదు. రాజు అతనిని బలవంతపెట్టక ముద్దుపెట్టుకొని దీవించెను. దూరము కొలుచుకొను హక్కును ముసలివాని చేతిలోనే విడిచెను. సన్మానమనగా ఇదియే.

ఆ కొంచెము దూరము ఎంత? నడిచిన తరువాత హెచ్చిన నొప్పి రెండు గంటలకు మించి నిలిచినయెడల మరునాడు తగ్గించవలెను. కఱ్ఱను నొప్పిలేని కాలివైపు చేతిలో పట్టుకొనవలెను. కుర్చీలో కూర్చుండి మోకాలు చాపి, మెల్లగా దించుట తొడలకు బలము. కీలు ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచినప్పుడు డాక్టరుకు చూపవలెను.

సంఘముగా మనమును చేయవలసినది కలదు. చాపమీద కూర్చుండలేనివారికొరకు గుడిలో నాలుగు కుర్చీలు వేయుదము. మోకరించలేనివారు కూర్చుండి చేసిన ప్రార్థనను ప్రభువు త్రోసివేయడు.

ఇప్పుడు ఆ అవ్వ సాయంకాలములయందు మనుమరాలి భుజము పట్టుకొని వీధిలోని వేపచెట్టువరకు నడచుచున్నది. గుడి ఇంకను దూరమే. ఆమె ఎంతవరకు రాగలదో ఇకమీదట నేను చెప్పను, ఆమెనే అడుగుదును.

ప్రభువు మన వృద్ధుల అడుగులను స్థిరపరచును గాక. ఆమేన్.