ఆరవ సూన

గృహస్థుడు ఎంత సాధుశీలుడైనను హింసను పూర్తిగా తప్పించుకొనలేడని మన ధర్మశాస్త్రకారులు నిర్మొహమాటముగా అంగీకరించిరి. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్లకడవ అను ఐదింటిని వారు పంచసూనలనిరి. అనగా ప్రతి యింటను నెలకొన్న ఐదు వధ్యస్థానములు. అన్నము వండుకొనువాడును, ఇల్లు ఊడ్చుకొనువాడును తెలియకయే క్షుద్రప్రాణులను చంపుచుందురు గనుక, తన్నివృత్తికై బ్రహ్మయజ్ఞము మొదలు అతిథిపూజ వరకు ఐదు మహాయజ్ఞములను నిత్యవిధిగా నిర్ణయించిరి. ఈ కల్పనలో నన్ను ఆకర్షించునది పాపభీతి కాదు, అందలి నిజాయితీ. హింస లేదని వారు బుకాయింపలేదు; ఉన్నదని ఒప్పుకొని, అందులకు బదులుగా దినదినము చేయవలసిన పని యేమో చెప్పిరి.

అనకాపల్లి జిల్లా కె. కోటపాడు మండలమున చెరకో, వరియో, కూరగాయలో పండించు రైతు వీపునకు మందు డబ్బా తగిలించుకొని చేనిలోనికి దిగునప్పుడు ఆ ఐదింటి సరసన ఆరవ సూన యొకటి చేరుచున్నది. దీనికి విధింపబడిన యజ్ఞమేది?

పురుగును చంపుట పాపమా అను ప్రశ్న ప్రాతది. ఇనుపమొన గల నాగలి భూమిని, భూమిలోని ప్రాణులను గాయపరచునని మనుస్మృతియే కృషికి దోషము చెప్పినది. ఈ సీమలోనే, అనకాపల్లి చెంత శంకరము గ్రామపు బొజ్జన్నకొండపై ఒకప్పుడు బౌద్ధభిక్షువులు వసించిరి. వానకాలమున లేతపైరును, చిన్నప్రాణులను త్రొక్కుదుమేమో యని మూడు మాసములు ఒక్కచోటనే నిలిచిపోవుట వారి సంఘనియమము. అంత సుకుమారమైన ధర్మమును, కౌలు చెల్లింపవలసి, అప్పు తీర్పవలసి యున్న చెరకు రైతునకు విధించుట నాకు న్యాయముగా తోపదు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి వచ్చిన రైతే మరునాడు మందు కొట్టుచున్నాడని నవ్వువారున్నారు. అందు వంచన లేదు, బ్రతుకుతెరువున్నది. పీకపురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వానిని నశింపజేయు ట్రైకోగ్రామా వంటి పరాన్నజీవుల కార్డులు తోటలో కట్టి పని గడుపుకొనగలిగినచో అంతకన్న మేలు లేదు. గడవనినాడు మందు తప్పదు.

నా మనస్సును కలచునది పురుగు గాదు, డబ్బా మోయు మనుష్యుడు. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, మెచ్చినవాడు అను నలుగురును కర్మఫలమున సమభాగస్థులని పెద్దలు చెప్పుదురు. వంగతోటలో మందు కొట్టు కూలివానిని కొంచెము దగ్గరగా చూడుడు. బకెట్టులో మందు పోసి వట్టిచేతితో కలుపును. నాజిల్ పూడుకొన్నచో విప్పి నోట ఊదును. ముఖమునకు చుట్టుకొన్న తువ్వాలు మందుతో తడిసి, రక్షింపవలసినది కాస్తా విషమును ముక్కునకు చేరువ చేయును. గట్టున కూర్చుండి కడుగని చేతితోనే చుట్ట ముట్టించును. ఆనాటి చొక్కాను అతని భార్య పిల్లల బట్టలతో కలిపి ఉతుకును. ఇందు కర్త యెవరు? చేయి అతనిది, పొలము వేరొకరిది. “ఇంకొక మూత ఎక్కువ వేయుము” అన్న సలహా దుకాణదారునిది. పుచ్చులేని నిగనిగలాడు వంకాయ కొరకు బుట్ట తిరగవేయు మనము నాలవవారము. ఫలము మాత్రము చేయి గలవాడొక్కడే అనుభవించుచున్నాడు. అది అతని ప్రారబ్ధమని త్రోసిపుచ్చువారు కర్మసిద్ధాంతమును తమ అజాగ్రత్తకు చాటు చేసికొనుచున్నారని నా అభిప్రాయము.

తెలియక చేసినదానికి దోషము స్వల్పమని స్మృతులు చెప్పును. ఆ మినహాయింపు కూలివానికి చెల్లును, యజమానికి చెల్లదు. 1958లో పారథియాన్ అను పురుగుమందు రవాణాలో ఆహారపదార్థములతో కలిసిపోగా కేరళమున నూరుమందికి పైగా మరణించిరి. వారు చేనికి మందు కొట్టుటవలన గాక, తిన్న ఆహారమువలన మరణించిరి. ఆ దుర్ఘటనపై జరిగిన విచారణ ఫలితముగా 1968లో కీటకనాశినుల చట్టము, 1971లో దాని నియమావళి వచ్చినవి. మందు చల్లువానికి రక్షణవస్త్రము లుండవలెననియు, విషలక్షణములు, ప్రథమచికిత్స, విరుగుడు తెలుపు పత్రము సీసాతోపాటు ఉండవలెననియు అందు వ్రాసిరి. అక్షరము రానివాడు సైతము పోల్చుకొనునట్లు చీటిమీద త్రికోణమునకు రంగులు పెట్టిరి: ఎరుపు అత్యంత విషము, దాని తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఇంత తెలిసికొనుటకు వీలున్నచోట తెలియదనుట అజ్ఞానము కాదు, ఉపేక్ష.

బుద్ధుడు కడపట బోధించినది అప్రమత్తతను. ఆరవ సూనకు చెప్పదగిన యజ్ఞము అదియే యని నేననుకొందును. ఇది పని ముగిసిన పిదప చేయు ప్రాయశ్చిత్తము గాదు, ముందే చేయవలసినది. గాలికి ఎదురు నిలువక, మిట్టమధ్యాహ్నము విడిచి, చేతితొడుగులు, ముఖకవచము, నిండుచేతుల చొక్కా ధరించి, కర్రతో కలిపి, నాజిల్‌ను మెత్తని కుంచెతో శుభ్రపరచి, పని కాగానే సబ్బుతో స్నానము చేసి, బట్టలు విడిగా ఉతికించి, చీటిపై చెప్పిన దినములు గడచువరకు కాయ కోయకుండుట ఇందలి విధి. ఖాళీ డబ్బాను ఇంట వాడుకొనక పగులగొట్టి పాతిపెట్టవలెను. 2013లో బీహారు గండామన్ గ్రామపు పాఠశాలలో భోజనము చేసి 23 మంది పిల్లలు మరణించుటకు హేతువు వంటనూనెలో కలిసిన మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు. మిగిలిన మందును పెట్టెలో పెట్టి తాళము వేయుట పిల్లల కొరకే కాదు. దుఃఖావేశమున చేయి చాచిన పెద్దవానికి సైతము ఆ తాళము ఒక క్షణము గడువిచ్చును, ఆ క్షణమే ప్రాణము నిలుపవచ్చును.

ఇంత జాగ్రత్తపడినను ఆపద రావచ్చును. ఎండలో చెమటలు పట్టి కూలినవానిని చూచి వడదెబ్బ యని మజ్జిగ పోయుట మనవారి అలవాటు. చొంగ, కన్నీరు కారుచు, కంటిపాప కుంచించుకొని, చూపు మసకబారి, కండరములు అదరుచున్నచో అది ఎండ పని కాదు, మందు పని. వెంటనే చేనినుండి తప్పించి, చేతికి తొడుగు వేసికొని అతని బట్టలు తీసి, ఒంటిని సబ్బునీటితో కడిగి, కంటిలో పడియున్నచో పావుగంట మంచినీరు ధారగా పోసి, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి 108కి ఫోను చేయవలెను. ఉప్పునీరు, పాలు, చింతపులుసు ఏవియు పోయరాదు, వాంతి చేయింపరాదు. ఆర్గానోఫాస్ఫరస్ జాతి విషమునకు వైద్యుల చేత అట్రోపిన్ అను మందున్నది. తేరుకొన్నాడని ఇంటికి తీసికొనిపోవుట మరియొక ప్రమాదము. ఒకటి మొదలు నాలుగు దినములలోపల ఊపిరి తీయు కండరములు మరల సన్నగిల్లవచ్చును. పారాక్వాట్ అను గడ్డిమందునకు విరుగుడే లేదు. త్రాగినవాడు మొదట బాగున్నట్లే కనుపించి, పిదప ఊపిరితిత్తులు చెడి మరణింపవచ్చును.

కావున కె. కోటపాటి రైతులకు నా విన్నపము: సబ్బును, చేతితొడుగులను, స్నానమునకు నీటిని దానముగా కాక కూలిలో భాగముగానే లెక్కింపుడు, కొట్టబోవు మందు పేరేమో కూలివానికి ముందుగా చెప్పుడు. సీసాపై చీటిని మాత్రము చింపకుడు. ఆసుపత్రిలో వైద్యుడు మొట్టమొదట అడుగునది దానినే.