ఊహకూ హేతువుకూ ఒకే మార్కు

ఇంటర్నెట్‌లో జరిగే సుడోకు పోటీల్లో నేను పాల్గొనడం మధ్యతరగతి మేధావి కాలక్షేపమని కొందరు మిత్రుల ఆక్షేపణ. కాలక్షేపమే, కాదనను. నాకు తోచే ఆక్షేపణ వేరు.

ఒక గడిలో నాలుగో ఏడో తేలనప్పుడు ఏదో ఒకటి వేసి ముందుకు పోయినవాడూ, కారణం కనుక్కున్నాకే వేసినవాడూ జవాబు సరిపోతే ఒకే మార్కు పొందుతారు. ఊహించినవాడు తొందరగా ముగిస్తే అదనపు మార్కులు కూడా! ఇందులో మోసం లేదు. కాని ఫలితాన్ని మాత్రమే కొలిచేచోట ఆలోచన గతి ఏమిటి?

అంతకన్న సూక్ష్మమైన చిక్కు మరొకటి వుంది. 1984లో జపానులో నికోలీ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ ఆటకు (మూలం 1979 నాటి ఒక అమెరికన్ పత్రికది లెండి) ఒకే పరిష్కారం వుండాలి. ఆరితేరినవారు ఈ హామీనే ఆధారం చేసుకుంటారు. రెండు వరుసలు, రెండు నిలువులు, రెండు పెట్టెలు కలిసే నాలుగు ఖాళీ గడుల్లో రెండంకెలే వస్తే వాటిని అటూ ఇటూ మార్చినా కుదురుతుంది, పరిష్కారాలు రెండవుతాయి, కనుక అలా రాదంటారు. తర్కం నిర్దుష్టమే. నేనూ వాడతాను. అయితే అది అంకెల నుంచి పుట్టలేదు, పజిలు కూర్చినవాడి మాటమీది నమ్మకం నుంచి పుట్టింది.

16 అంకెలిచ్చి ఏకైక పరిష్కారం రాబట్టడం అసాధ్యమని 2012లో మెక్‌గ్వైర్ బృందం కంప్యూటరుతో వెదికి తేల్చింది. వారికి ముందుగా హామీ ఇచ్చినవాడెవడూ లేడు. కౌలురైతు అప్పు లెక్కకూ లేడు.

ఈ కిటుకు పిల్లలకు నేర్పమని ఒక ఉపాధ్యాయమిత్రుడు అడిగితే ఇంకా వెనకాడుతున్నాను. వచ్చే పోటీలో మాత్రం వాడతాను.