కొన్న వస్తువు ఎవరిది?

వెల యిచ్చి కొన్నది మనదని లోకమున అందఱును ఒప్పుదురు. రశీదు చేతనున్నచో న్యాయస్థానమునకును అంతకుమించి అక్కఱలేదు. కాని ఆ వస్తువు ఒకనాడు పనిచేయుట మానినప్పుడు దాని యెదుట మనము నిలుచు తీరు చూచినచో, ఆ యింట పరాయివారము మనమే కాదు గదా యను సందేహము కలుగును. గడియారము నిలిచినది; కుట్టుమిషను దారము తెంపుచున్నది; మోటారుకారు కదలదు. యజమాని చేతులు కట్టుకొని ఎవరికొఱకో కబురు పెట్టును. కబురందుకొని వచ్చినవానికి ఆ వస్తువు లోపలిభాగము తన యింటి దారివలె తెలిసియుండును. యజమానికి దాని రంగుమాత్రమే తెలియును. ఇర్వురిలో ఆ వస్తువు ఎవరిది? చట్టము చెప్పు సమాధానము తెలిసినదే. నీతి చెప్పు సమాధానము అంత సులభము కాదని మాకు తోచుచున్నది.

ఈ ప్రశ్న మాకు గ్రంథములవలన కలిగినది కాదు. 1969 మొదలు 1983 వఱకు ఇంగ్లండునందలి లెస్టరు నగరమున కాపురముండి, పాత ఇంగ్లీషుకార్లు రెంటిని ఇంటిముంగిటనే బాగుచేసికొనుచు నడుపుటవలన కలిగినది. ఆంధ్రదేశమున వైద్యవిద్య ముగించి ఆ దేశపు ఆసుపత్రులలో ఉద్యోగమునకు పోయినవారు ఆ కాలమున పెక్కుమంది. మేమును అట్లు పోయినవారమే. మాలో ఒకరికి ఆసుపత్రిలో రాత్రిపని. మఱియొకరికి ఊరిచివర పాఠశాలలో పని. కారు లేనిదే సాగదు. క్రొత్తది కొనుటకు శక్తి లేదు. పదునొకండేండ్ల వయస్సుగల మారిస్ మైనరు నలువది పౌనులకు దొరకెను.

ఆ కారు కథ కొంత చెప్పదగినది. అది 1948లో లండను ప్రదర్శనమున వెలువడినది. దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్. తయారీ ఆరంభముకానున్న సమయమున నమూనాను చూచి, అది ఇరుకుగానున్నదని తోచి, ఆయన దానిని నిలువున రెండుగా కోయించి, సగములను ఎడముగా జరిపించి, నాలుగంగుళముల వెడల్పు పెంచెను. అప్పటికే సిద్ధమైన బంపర్లను పాఱవేయుటకు మనసొప్పక, వానినిగూడ నడుమ కోసి తుండు అతికిరి. తొలియేండ్ల కార్లలో ఆ అతుకు కంటికి కనబడుచునేయుండును. తన అతుకును దాచుకొనని వస్తువు నమ్మదగినదని మా అభిప్రాయము. ఇట్టి కార్లు పదునాఱు లక్షలకు పైగా తయారైనవి. మన దేశమునకు ఈ వంశము క్రొత్తది కాదు: మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవశ్రేణియే మన అంబాసిడరై కలకత్తా చెంత ఉత్తరపారాలో 2014 వఱకు తయారగుచుండెను. మద్రాసులో 1961 మొదలు చేసిన స్టాండర్డు హెరాల్డు, మేము 1974లో కొన్న ట్రయంఫు హెరాల్డుకు తోబుట్టువు. ఆ హెరాల్డు బానెట్టు ముందురెక్కలతో సహా ఒక్కటిగా లేచి ముందుకు వాలును. అప్పుడు ముందుచక్రముమీద పీటమీద కూర్చున్నట్లు కూర్చుండి ఇంజనుపని చేసికొనవచ్చును. కారుతోబాటు ఇచ్చు చిన్నపుస్తకమున, గ్రీజు ఎక్కడ పెట్టవలెనో, వాల్వులసందు ఎంతయుండవలెనో, అన్నియు కొన్నవాని కొఱకే వ్రాసియుండెను. తయారుచేసినవారు కొన్నవానిని లోనికి రమ్మని పిలిచినట్లుండెడిది.

పిలిచినను లోనికి పోవుటకు మాకు చేతులు లేవు. మన చదువరుల యిండ్లలో పెరిగినవారికి కలము, గరిటె తప్ప మూడవ పనిముట్టు తెలియదు. ఆ రెండును ఒక్కరి చేతనుండుటయు అరుదు. మా పొరుగున, అల్లికయంత్రములు చేయు కార్ఖానలో నలువదియేండ్లు ఫిట్టరుగా పనిచేసి విరమించిన వృద్ధులొకరు ఉండిరి. ఆయన పాఠశాలను పదునాలుగవయేట విడిచినవారు. మాకు గురువు ఆయనయే.

ఆయన నేర్పిన మొదటి పాఠము కార్బురేటరు. దానిలోపల ఒక పిస్టను కలదు. ఇంజను గాలిని పీల్చుకొలదిని అది పైకి లేచును; దానికి తగిలించిన సన్నని సూది, మొనవైపు క్రమముగా సన్నబడినదగుటచే, తానుగూడ లేచి పెట్రోలురంధ్రమును ఎక్కువగా విడుచును. ఇంజను ఎంత గాలి కోరునో అంత పెట్రోలు. క్రింద ఆఱుపలకల నట్టు ఒకటి. మిశ్రమము చిక్కనగుటయు పలుచనగుటయు దానిచేతనున్నది. అది సరిగానున్నదో లేదో తెలిసికొనుటకు ఆ పిస్టనును వెండ్రుకవాసియంత పైకి లేపి వినవలెను. ఇంజనువేగము పెరిగి అట్లే నిలిచినచో చిక్కన; ఆగిపోబోయినచో పలుచన; ఒక్కక్షణము పెరిగి మరల కుదుటబడినచో సరి. మేము నట్టువైపు వంగి చూచుచుండగా ఆయన, “డాక్టరుగారూ, కన్నులు మూసికొనుడు. రోగి గుండె చూచునప్పుడు మీరు చేయునది ఏమి?” అనిరి. స్టెతస్కోపు పట్టిన యేడేండ్లకు వినుట యనగా నేమో కారువలన తెలిసినదన్నచో అతిశయోక్తిగా తోచును. కాని ఓర్పుతో వినుట, విన్నదానినిబట్టి ఒక్కపలకమాత్రమే త్రిప్పుట, మరల వినుట — ఈ క్రమము మా వృత్తికిని పనికివచ్చినది.

ఈ కార్బురేటరుతో ముడిపడిన మఱియొక సంగతి మమ్ము చిరకాలము ఆలోచింపజేసినది. దీనిని కల్పించిన స్కిన్నరు సోదరులు పాదరక్షల వర్తకము చేయు కుటుంబమువారు. ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో చేసిన వారి మొదటి నమూనాలో పిస్టనుకు బదులు తోలుతిత్తి యుండెను. తోలు తెలిసిన యింట పుట్టినవారికి, గాలికి లొంగి లేచిపడు వస్తువు కావలసివచ్చినప్పుడు తోలే తోచుట సహజము. మన కమ్మరికొలిమిలో తిత్తి ఎన్ని తరములనుండి ఊదుచున్నదో ఎవరెఱుగుదురు? గాలిని తోలులో పట్టుట తెలిసిన చేతులు మనకు ఎన్నడును కొఱతపడలేదు. ఆ చేతులు పుస్తకము పట్టరాదనియు, పుస్తకము పట్టిన చేతులు తోలు ముట్టరాదనియు మన సంఘము నడుమ గోడ కట్టుకొన్నది. ఈ గోడవలన రెండుప్రక్కలవారికిని నష్టమని చెప్పుట వాడుక. అది సగము నిజము. ఒకప్రక్కవారు పోగొట్టుకొన్నది నేర్పు. రెండవప్రక్కవారు పోగొట్టుకొన్నది మనుష్యగౌరవము. ఈ రెంటిని ఒకే త్రాసున తూచరాదు.

మసిబట్టలతో కారుచెంత నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రమును కాకినాడకు పంపితిమి. పెదనాన్నగారు జాబు వ్రాసిరి: “నాయనా, నిన్ను వైద్యము చదివించినది కారుక్రింద పరుండుటకా?” ఆ మాటలో కోపము లేదు, వాత్సల్యమే కలదు. ఆయనకును కారు కలదు. దానిని ఇరువదియేండ్లు బ్రతికించిన మేస్త్రీని గూర్చి ఆయన జాబులలో “మెకానిక్కు” అనియే యుండును. ఆ మనుష్యుని పేరు మేము ఎన్నడును చదివియెఱుగము. శస్త్రవైద్యముగూడ ఒకప్పుడు ఇట్టి పనియే. ఇంగ్లండున 1745 వఱకు శస్త్రవైద్యులును క్షురకులును ఒకే సంఘమువారు. మన పల్లెలలో కురుపు కోయుపని మంగలిదే. మాంసము కోయు చేతికి గౌరవము వచ్చి, ఇనుము విప్పు చేతికి రాకపోవుటకు కారణము పనిలో లేదు. చేయువారికి దొరకిన బిరుదులో కలదు.

ఇంటిలోపలి సంగతియు చెప్పవలెను. ఒకరు కారుక్రింద పరుండి పనిచేయునప్పుడు మఱియొకరు దీపము పట్టవలెను. మొదటి రెండు సంవత్సరములును దీపము పట్టుట ఒక్కరికే వంతుగా వచ్చెను. ఎవరికో చదువరులకు చెప్పనక్కఱలేదు. దీపము పట్టువారికి పని యంతయు కనబడును, చేయి మాత్రము నల్లబడదు. గిన్నెలు తోమునప్పుడు ఆ చేయి ఎట్లును నల్లబడును గనుక ఎవరికిని అది లోపముగా తోచదు. ఒకనాడు చలికాలపు ఉదయమున పాఠశాలకు పోవువేళ కారు కదలలేదు. రాత్రిపనికి పోయిన మనిషి ఇంకను రాలేదు. దీపము పట్టిన చేయియే డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, పాయింట్లను చిన్న ఆకురాయితో రుద్ది, వాని నడుమ అంగుళములో వేయింట పదునైదు భాగముల సందు ఉక్కురేకుతో కొలిచి పెట్టెను. కారు కదలెను. ఆ తరువాతి ఆదివారమునుండి పానా చేతులు మారినది. పానా మారినప్పుడు గరిటెయు మారవలెను గదా. అది మాత్రము అంత సులభముగా మారలేదు. కార్బురేటరుకంటె పులుసుకు ఎక్కువ వినికిడి కావలెనని మా యింటి రెండవ విద్యార్థికి ఆలస్యముగా తెలిసినది.

ఇంతమాత్రమున సొంతచేతి మరమ్మతును ధర్మమని పొగడుటకు మాకు మనసొప్పదు. ఆదివారమున బ్యాంకు ఉద్యోగి కారుక్రింద పరుండుట చూచి, ఇంగ్లండున శ్రమకు సమానగౌరవము కలదని భ్రమపడిన మనవారు కొందఱు కలరు. వేడుకకు అంటించుకొన్న మసి సోమవారము సబ్బుతో పోవును. మా గురువుగారి వ్రేళ్లగీతలలోని నలుపు విరమించిన పదేండ్లకును పోలేదు. కార్ఖాన చప్పుడువలన ఆయన ఎడమచెవి వినబడదు. ఇంజను వినుట మాకు నేర్పినది ఆ రెండవ చెవియే. వేడుక చేయి, కూటి చేయి ఒక్కటి కాజాలవు. అయినను మొదటిదానివలన ఒక ప్రయోజనము కలదు. శీతకాలమున ఆ దేశపు రోడ్లమీద చల్లు ఉప్పువలన కారు అడుగురేకులు తుప్పుపట్టును. 1960లో పాతకార్లకు ఏర్పడిన వార్షికపరీక్ష, 1967నాటికి మూడేండ్లు నిండిన కార్లన్నింటికిని వర్తించెను. ఆ పరీక్షలో మైనరు అడుగురేకు చేవలేదని తేల్చిరి. రేకు అతుకుట మా చేతగాదు. అతికినవాడు అడిగిన కూలిని మేము బేరమాడలేదు. వెల్లకిల పరుండి, ముఖముమీద నిప్పురవ్వలు రాలుచుండగా చేయు పనికి వెల యెంతయో, అక్కడ పరుండి చూచినవారికి ఒకరు చెప్పనక్కఱలేదు.

పదునాలుగేండ్లలో ఆ మైనరుకు మేము మార్చిన భాగములు లెక్కపెట్టినచో, కొన్న కారు ఎంత మిగిలెనో చెప్పుట కష్టము. నొగయా రథము, ఇరుసా రథము, చక్రములా రథమని యవనరాజు మిళిందుని నాగసేనుడు అడిగిన ప్రశ్న మన దేశపుదే. దీనికి ఇంగ్లండు వాహనశాఖ అంకెలతో సమాధానము చెప్పుటకు యత్నించినది. మార్పుచెందిన కారు తన పాత నంబరును నిలుపుకొనుటకు ఆ శాఖ ఒక లెక్క యేర్పఱచెను: చట్రమునకు లేక మూలశరీరమునకు అయిదు గుణములు, స్ప్రింగుల అమరికకు, ఇరుసులకు, గేరుపెట్టెకు, స్టీరింగుకు రెండేసి, ఇంజనుకు ఒక్కటి. పదునాలుగింట ఎనిమిది వచ్చినచో పాతకారే. కారుకు ప్రాణమని మనమనుకొను ఇంజనుకు ఒక్కటియే యిచ్చిరి! నాగసేనుడు నవ్వియుండును. ఆ లెక్కలో యజమానికి గుణములు లేవు. ఉండవలెనని మేమును కోరము.

పాతదానిని పూజించువారితో మాకు పొత్తు కుదరదు. ఆ కార్లకు డ్రమ్ము బ్రేకులు. ప్రమాదమున స్టీరింగుకఱ్ఱ ఱొమ్మున గ్రుచ్చుకొనుటకు వచ్చిన శరీరములను ఆసుపత్రిలో చూచినవారము. ముందు కూర్చున్నవారు బెల్టు కట్టుకొనవలెనను చట్టము ఆ దేశమున 1983 జనవరి అంతమునగాని అమలుకు రాలేదు. ఎంత నేర్పుతో సవరించిన ఇంజనైనను ఆనాటి పెట్రోలులోని సీసమును పిల్లలాడుకొను వీధిలో విడుచుచుండెను. ఆ పెట్రోలు అమ్మకము 1999 అంతమువఱకు సాగెను. నేటి కార్లు ఇంతకంటె మనుష్యులయెడ దయగలవి. మా తగవు దానితో కాదు. బానెట్టు ఎత్తినచో మూత, మూతక్రింద మూత, లోపలి కంప్యూటరు మాట తయారుచేసినవారికే అర్థమగునట్లు కట్టిన తాళము — ఇది భద్రతకొఱకు అవసరమా, వ్యాపారముకొఱకా అని అడుగవలసియున్నది. బ్రిటనులో 2021 జూలైనుండి బట్టలుతుకు యంత్రములు మున్నగువాని విడిభాగములను అందుబాటులో నుంచవలెనను నియమము వచ్చినది. కార్లు అందు చేరలేదు. మన కేంద్రప్రభుత్వము 2022లో మరమ్మతుహక్కును గూర్చి నియమించిన సంఘము ట్రాక్టర్లను, ఫోనులను, కార్లనుగూడ పరిశీలింపబూనినది. ఈ హక్కు తీరికగల గృహస్థుల వేడుకకొఱకు మాత్రమే కాదు. వీధిమొగలో చిన్నకొట్టు పెట్టుకొన్న మేస్త్రీకి అది అన్నము. తాళము పడినచో ముందు మూతపడునది అతని కొట్టు.

హెరాల్డు 1980లో తుప్పునకు లోబడి భాగములక్రింద అమ్ముడుపోయెను. స్వదేశమునకు మరలివచ్చుటకు ముందు, 1983లో, మైనరును నర్సుపని నేర్చుకొనుచున్న ఒక యువతి కొన్నది. రశీదు వ్రాయుటకు అయిదు నిమిషములు పట్టెను. తరువాతి మూడు ఆదివారములు ఆమె మా ముంగిటికి వచ్చి, మొదటివారము గ్రీజు పెట్టుట, రెండవవారము పాయింట్ల సందు, మూడవవారము కన్నులు మూసికొని ఇంజను వినుట నేర్చుకొన్నది. దీపము వంతులవారీగా పట్టుకొంటిమి. నాలుగవ ఆదివారము ఆమె రాలేదు. స్నేహితురాండ్రతో కారెక్కి సముద్రతీరమునకు పోయినదని మఱునాడు తెలిసినది.