నాతాను చెప్పిన కథ, జైలులో చెప్పవలసిన పాఠము



పోయిన సంవత్సరము మా సంఘపు చెరసాల పరిచర్య కమిటీలో ఒక ప్రశ్న వచ్చింది. ఇంగ్లండులో ఉద్యోగము చేస్తూ సెలవుకు వచ్చిన మా సంఘ యువకుడొకడు ఒక సంగతి చెప్పాడు. హిట్లరు కాలములో జరిగిన యూదుల సంహారమును గూర్చి అక్కడి జైళ్ళలో ఖైదీలకు పాఠములు చెప్తారట. బొమ్మలు వేయించుట, కథలు వ్రాయించుట, నాటకములు ఆడించుట కూడ ఉన్నదట. మనము అటువంటిది ఎందుకు చేయకూడదని అతడు అడిగాడు. కమిటీలో సగము మంది నవ్వారు. "జైలులో ఉన్నవానికి కావలసినది సువార్త గాని చరిత్ర పాఠము కాదు" అన్నారు ఒక పెద్ద. ఇంకొకరు మాత్రము నవ్వకుండ, "హత్య చేసినవానికి అరవై లక్షల హత్యల కథ చెప్తే, నాది ఒకటే గదా అని వాడు తేలికపడడా?" అన్నారు. మొదటి మాటకు నాకు వెంటనే జవాబు తోచింది. రెండవ మాటకు తోచలేదు. దానిమీద కొన్ని నెలలు ఆలోచించి ఇది వ్రాస్తున్నాను.

ముందు అక్కడ జరిగినదేమో చెప్తాను. ఆన్ ఫ్రాంక్ అనే యూదుల అమ్మాయి పేరు మీలో చాలమంది విన్నదే. 1929లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో పుట్టింది. హిట్లరు అధికారానికి వచ్చాక ఆ కుటుంబము హాలండుకు వలస పోయింది. 1942 జూలై నుండి 1944 ఆగస్టు 4 వరకు, ఆంస్టర్‌డాములో తండ్రి వ్యాపారము నడిపిన భవనపు వెనుక భాగములో ఎనిమిది మంది దాగి ఉన్నారు. పట్టుబడిన ఆ ఎనిమిది మందిలో తండ్రి ఒక్కడే ప్రాణముతో తిరిగి వచ్చాడు. ఆన్ 1945 ఆరంభములో బెర్గెన్-బెల్సెన్ శిబిరములో 15 ఏండ్లకే చనిపోయింది. ఆమె వ్రాసుకొన్న డైరీని తండ్రి 1947లో అచ్చు వేయించాడు. ఆమె పేరున బ్రిటనులో 1991లో ఒక ట్రస్టు ఏర్పడింది. వారు ఆమె జీవితమును గూర్చిన ప్రదర్శనను జైళ్ళ లోపలికి కూడ తీసుకొనివెళ్ళారు. విశేషమేమనగా, దానిని వివరించుటకు ఖైదీలలోనే కొందరికి తర్ఫీదు ఇచ్చి, తోటి ఖైదీలకు వారి నోటనే చెప్పించారు. పాఠము విన్నవాని కంటె చెప్పినవాడు ఎక్కువ నేర్చుకొంటాడని ట్రైనింగు కాలేజీలో మాకు నేర్పారు. తరగతి గదిలో అది ఎంత నిజమో ముప్పది ఏండ్లు కండ్లార చూశాను.

ఆ దేశములో ఖైదీల చేతి పనికి గౌరవము ఇచ్చుట కొత్త సంగతి కాదు. హంగరీలో పుట్టిన యూదుడైన ఆర్థర్ కోయెస్లర్ అనే రచయిత 1937లో స్పెయిను జైలులో మరణశిక్షకు ఎదురు చూస్తూ గడిపి బయటపడ్డాడు. ఆయనే 1962లో ఖైదీల చిత్రములకు, రచనలకు బహుమతులు ఏర్పాటు చేశాడు.

ఇక అపాయము సంగతి. నాలుగు గోడల మధ్య ఉన్నవాడు ఆన్ కథ వినగానే మొదట అనుకొనేది "నా బ్రతుకూ ఇంతే గదా" అని. ఆ మాట కొందరికి తగును. దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపపు ఖైదీలు ఆ డైరీ చదివి ధైర్యము తెచ్చుకొన్నారని మండేలా 1994లో జోహానెస్‌బర్గులో ఆన్ ఫ్రాంక్ ప్రదర్శనను ప్రారంభిస్తూ చెప్పారు. తోటి మనిషిని పొడిచి లోపలికి వచ్చినవానికి ఆ మాట తగదు. కాని పంతులు అక్కడే వానిని గద్దించి కూర్చోబెడితే పాఠము అయిపోయినట్లే. తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపించవలెనన్నది మా వృత్తిలో మొదటి సూత్రము. వానికి తెలిసినది తలుపుకు తాళము పడిన చప్పుడు. అక్కడ మొదలు పెట్టనివ్వవలెను. ఆ తరువాత అడుగవలెను: ఆ పిల్ల ఏమి నేరము చేసింది? ఆమెను బండి ఎక్కించినది ఎవరు? ఆ ఇంటికి వచ్చిన పోలీసులకు ఇంటి దగ్గర పిల్లలు లేరా? అప్పుడు వాడు తాను ఏ వైపు నిలిచి ఉన్నాడో తానే చూచుకొంటాడు.

ఇది నేను కనిపెట్టినది కాదు. నాతాను ప్రవక్త చేసినది ఇదే. దావీదు ఊరియాను చంపించి, ఏమీ ఎరుగనట్లు సింహాసనము మీద కూర్చున్నాడు. నాతాను వచ్చి ఊరియా పేరు ఎత్తలేదు. ఎత్తితే రాజు దగ్గర జవాబులు సిద్ధముగా ఉన్నాయి. యుద్ధమన్నాక చావులు తప్పవు, బాణము శత్రువుది, ఆజ్ఞ సేనాధిపతిది. అందుకని ఎక్కడో ఒక పేదవాడు, వాని ఒడిలో పెరిగిన ఒక గొఱ్ఱెపిల్ల, దానిని లాక్కొన్న ఒక ధనవంతుడు అని కథ ఎత్తుకొన్నాడు. దావీదు గొఱ్ఱెల కాపరిగా పెరిగినవాడు గనుక కడుపు మండిపోయింది. తన మనస్సు కాపాడుకోవలసిన అవసరము లేనిచోట అతని న్యాయబుద్ధి లేచి నిలబడింది, తీర్పు కూడ చెప్పేశాడు. ఆ తరువాతనే నాతాను వేలు అతనివైపు తిప్పాడు.

"ఐరోపా దాక ఎందుకు, మనకు కారంచేడు లేదా, చుండూరు లేదా?" అని కమిటీలో ఒక సహోదరి అడిగింది. న్యాయమైన ప్రశ్న. 1985లో కారంచేడులో ఆరుగురు, 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. మన సంఘములలో ఎంతమందికి ఆ వార్త సొంత చుట్టాల వార్తవలె తగిలిందో నాకు తెలుసు. అయితే మన జైలు గదిలో ఆ పేరు ఎత్తగానే ఎవరు ఏ కులమో లెక్క పడుతుంది, ఆ క్షణములోనే ప్రతివాడు తనవారి తరఫు వకీలు అయిపోతాడు. అందుకని దూరపు కథతో మొదలు పెట్టవలెనంటున్నాను. అక్కడే ఆగిపోవలెననుట లేదు. నాతాను గొఱ్ఱెపిల్ల దగ్గర ఆగిపోలేదు.

బొమ్మలు, నాటకములు దేనికి అంటారా? మనకు దగ్గరలోనే మైసూరు కేంద్ర కారాగారములో రంగాయణ నటుడు హులుగప్ప కట్టీమని ఖైదీలచేత నాటకములు ఆడించారు. వాటిలో ఒకటి షేక్స్‌పియరు 'మేక్‌బెత్' ఆధారముగా శివప్రకాశ్ కన్నడములో వ్రాసిన 'మారనాయకన దృష్టాంత'. రాజును చంపినవాడు ఆ తరువాత నిద్రకు దూరమైన కథ అది. హత్యానేరముతో శిక్ష పడినవాడు ఆ పాత్ర ధరించి మాటలు పలుకవలెనంటే, ఉపన్యాసము విని తల ఊపినంత సులువు కాదు. ఉపన్యాసమునకు తల ఊపుట మన ఆదివారపు ఆరాధనలలో కూడ అందరికీ బాగా వచ్చు.

ఇక రెండవ పెద్ద అడిగిన ప్రశ్న, అరవై లక్షల ముందు ఒకటి తేలికపడదా అన్నది. లెక్క చెప్తే తప్పక తేలికపడుతుంది. అందుచేత లెక్కతో మొదలు పెట్టకూడదు, పేరుతో మొదలు పెట్టవలెను. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి సంగతి చెప్తాను. వియన్నాలో పుట్టిన యూదురాలు. 1942 డిసెంబరులో ఆమెను తెరెజియెన్‌స్టాట్ అనే నిర్బంధ స్థలమునకు పంపారు. అక్కడ ఆమె పిల్లలకు బొమ్మలు నేర్పింది. దొరికిన చిత్తు కాగితముల మీదనే వేయించి, ప్రతి బొమ్మ మీద పేరు వ్రాయమనేది. మనుషులను లెక్కలుగా, నంబర్లుగా చేసిన చోట ఒక టీచరు పిల్లలచేత పేర్లు వ్రాయించింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జుకు తరలించి చంపారు. ఆ పిల్లలలో ఎక్కువమంది కూడ చంపబడ్డారు. దాదాపు 4,500 బొమ్మలు మాత్రము రెండు సూటుకేసులలో మిగిలాయి, ఇప్పుడు ప్రాగ్‌లోని యూదుల మ్యూజియములో ఉన్నాయి. ఒక పిల్ల వేసిన ఇల్లు, క్రింద ఆ పిల్ల పేరు. దానిని ఒక ఖైదీ చేతిలో పెట్టి చూడండి. అక్కడ అరవై లక్షలు ఉండవు, ఒక్కతే ఉంటుంది. ఆ ఒక్కతెను చంపినవాడు కూడ నాది ఒకటే గదా అనుకొనియుండును.

ఈ సందర్భములో ఒక చిన్న మాట. హోలోకాస్ట్ అనే గ్రీకు పదమునకు సర్వమును కాల్చివేసే దహనబలి అని అర్థము. మనము వాడే మారణహోమములో కూడ హోమమున్నది. యూదులలో అనేకులకు ఆ పేరు నచ్చదు, షోవా అంటారు, అనగా మహా విధ్వంసము. బలి అంటే ఎవరో దేవునికి అర్పించినట్లవుతుంది. అక్కడ అర్పించినవారు లేరు, చంపినవారే ఉన్నారు. అందుకని నేను సంహారము అనే వ్రాస్తున్నాను.

చంపినవారెవరు? ఇక్కడే పాఠము జైలు గోడ దాటి మన మీదికి వస్తుంది. క్రిస్టఫర్ బ్రౌనింగ్ అనే చరిత్రకారుడు 1992లో అచ్చయిన గ్రంథములో హాంబర్గుకు చెందిన రిజర్వు పోలీసు బెటాలియను 101 చరిత్ర వ్రాశాడు. సుమారు 500 మంది, ఎక్కువగా నడివయస్సు సంసారులు. 1942 జూలై 13న పోలండులో యూజెఫూవ్ అనే ఊరికి వారిని పంపారు. ఈ పని చేయలేనివారు ప్రక్కకు రావచ్చునని కమాండరే చెప్పాడు. మొదట పది పన్నెండు మందే ప్రక్కకు వచ్చారు. వచ్చినవారిని ఎవరూ కాల్చలేదు, జైలులో వేయలేదు. మిగిలినవారు ఆ దినమున సుమారు 1,500 మందిని చంపారు. వారు దొంగలు, రౌడీలు కారు. ఎవరైనా అంతే చేస్తారు అని చెప్పుకొందామంటే ఆ పది పన్నెండు మంది అడ్డము వస్తారు.

బాప్టిస్టులమైన మనము ఇంకొకటి కూడ దాచకూడదు. 1934 ఆగస్టులో మన ప్రపంచ బాప్టిస్టు మహాసభ హిట్లరు పాలనలోని బెర్లినులోనే జరిగింది. యూదుల మీద, ఇతర జాతుల మీద ద్వేషమును ఖండిస్తూ తీర్మానము చేశారు, అది మెచ్చదగినదే. సభ ముగిసింది, ప్రతినిధులు ఇండ్లకు వెళ్ళారు, జర్మను బాప్టిస్టు సంఘము రానున్న సంవత్సరములలో నోరు మెదపలేదు. ఏబది ఏండ్ల తరువాత 1984లో హాంబర్గు సభలో వారు తమ తప్పు ఒప్పుకొన్నారు. కాబట్టి ఈ పాఠము పట్టుకొని జైలు గేటు దగ్గర నిలబడేటప్పుడు, మంచివారము చెడ్డవారికి నేర్పబోతున్నామన్న ముఖము పెట్టుకొని పోలేము.

మొదటి పెద్ద అన్న మాటకు, అనగా సువార్త చాలునన్న మాటకు వస్తాను. నేను 22 ఏండ్లుగా క్రిస్మసుకు జైలుకు కేకులు, క్రొత్త నిబంధనలు తీసుకొనిపోతున్నాను. సిలువ మీద దొంగ కథ చెప్తాను. చేతులు ఎత్తుతారు, కన్నీళ్ళు కారుస్తారు. ఒకసారి యావజ్జీవ ఖైదీ ఒకడు ప్రార్థన అయ్యాక వెనుక నిలబడి, "అయ్యగారూ, ప్రభువు నన్ను క్షమించాడని ఇన్నిసార్లు చెప్పారు. వాళ్ళమ్మ ఎట్లా ఉన్నదో మీరెవరూ ఒకసారి కూడ చెప్పలేదు" అన్నాడు. హతుని తల్లి మా ఊరిలోనే, మా గుడికి రెండు వీధుల అవతల ఉంటుంది. నేను ఆ ఇంటికి ఎన్నడూ పోలేదు. ఆ సంవత్సరము పోయాను. ఆమె కుర్చీ వేసి, "పండుగ పండుగకూ జైలుకు పోతారు గదా పెద్దయ్యా, దారిలో మా ఇల్లు కనబడలేదా?" అన్నది.

సైమన్ వీసెంతాల్ అనే యూదుడు 1969లో అచ్చయిన తన పుస్తకములో ఇటువంటి చిక్కునే వ్రాశాడు. శిబిరములో ఉండగా, చావబోతున్న ఒక నాజీ సైనికుని మంచము దగ్గరికి ఆయనను తీసుకొనిపోయారు. యూదులను ఇంటిలో పెట్టి కాల్చిన సంగతి అతడు ఒప్పుకొని క్షమాపణ అడిగాడు. వీసెంతాల్ ఏమీ పలుకకుండ బయటికి వచ్చేశాడు. చచ్చిపోయినవారి పక్షముగా క్షమించే హక్కు నాకెక్కడిది అన్నది ఆయన బాధ. మన క్రైస్తవులకు కోరీ టెన్‌బూమ్ సాక్ష్యము ఎక్కువ తెలుసు. 1947లో మ్యూనికులో ఆమె ఉన్న శిబిరపు కాపలాదారుడే చేయి చాపినప్పుడు, ఎంతో పెనుగులాట తరువాత ఆ చేయి పట్టుకొన్నది. ఆమె తాను పడిన బాధను క్షమించింది. నేను జైలులో పంచిపెట్టినది ఆ తల్లి బాధకు క్షమాపణ. అది నా చేతిలో ఉన్నది కాదు. జక్కయ్య కూడ ప్రభువును ఇంటికి చేర్చుకొన్ననాడే తాను ఎవరిని మోసగించాడో వారి లెక్క తీశాడు. క్షమాపణ సువార్తను నేను తక్కువ చేయుట లేదు. హతుని పేరు లేకుండ చెప్పిన క్షమాపణ సగము కథ అంటున్నాను, ఆ సగమే ఇన్నేండ్లు చెప్పినవాడను నేను.

ఈ సంవత్సరము జైలు సూపరింటెండెంటుగారికి అర్జీ పెట్టాము. ఎనిమిది వారములు, వారమునకు ఒక పూట, పన్నెండు మంది మించకుండ. ఆన్ ఫ్రాంక్ కథ, పిల్లల బొమ్మల నకళ్ళు, ఆ తరువాత కాగితము, పెన్సిలు. వారు వ్రాసినది మనము సాక్ష్యముగా పత్రికలో వేయకూడదు, సభలలో చదువకూడదు అని కమిటీలో నిర్ణయించాము. ఇది నా పట్టుదల, ఇద్దరు ఒప్పుకోలేదు కూడ. ఆ తల్లి దగ్గరికి మళ్ళీ పోయి, ఈ తరగతిలో నీ కొడుకు పేరు చెప్పవచ్చునా అమ్మా అని అడిగాను. చాలసేపు కొంగు మడతలు సరిచేసుకొంటూ కూర్చొని, "మీరు చెప్పవద్దు పెద్దయ్యా" అన్నది. "వాడు చెప్తాడేమో చూడండి."